పాత మోటారు పనిముట్లు – వాని ఆనవాళ్లు

పాత ఇనుము కొనువాని తక్కెడలో విరిగిన కొడవళ్లతోను, బండి కమ్ములతోను కలిసి అప్పుడప్పుడు నల్లబడిన పానాలు, వంకర కడ్డీలు కానవచ్చును. కమ్మరి కొలిమికి పోవుటకు మున్ను వానిని ఒక్కమారు చేతబట్టి చూడవలెనని నా మనవి. ఏ దేశమున, ఏ కాలమున, ఏ బండికొరకు పుట్టినవో వానిలో పెక్కు తమంత తామే చెప్పగలవు.

మొట్టమొదట పానా మొగముమీది అంకెను చూడవలెను. పలువురు చిక్కుపడునది ఇచ్చటనే. 3/8 అని చెక్కిన రెండు పానాలను ప్రక్కప్రక్కన నుంచి కొలబద్దతో వాని నోళ్లను కొలిచి చూడుడు. ఒకదాని నోరు సరిగా అంగుళములో 3/8 వంతుండును. రెండవదాని నోరు 0.71 అంగుళము, అనగా రమారమి రెట్టింపు! రెండును తప్పు కావు. మొదటిది అమెరికా పద్ధతి. అందలి అంకె నట్టు వెడల్పును తెలుపును. రెండవది ఇంగ్లీషు పద్ధతి. అందలి అంకె బోల్టు కాడ లావును మాత్రమే తెలుపును. ఈ భేద మెరుగక నోరు వదులైన పానాను బలవంతముగా త్రిప్పినచో నట్టు మూలలు అరుగును, పానా జారి వ్రేళ్ల కణుపులు చిట్లును.

ఈ రెండు దారులకును చరిత్ర కలదు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు 1841లో మరచుట్లన్నియు ఒక్క కొలతకు రావలెనని ప్రతిపాదించెను. అంతకుమున్ను ఒక కార్ఖానా బోల్టు మరియొక కార్ఖానా నట్టునకు పట్టునన్న నమ్మకము లేదు. ఆయన మరపంటి కోణము 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్సు 60 డిగ్రీల మరను ముందుకు తెచ్చెను. పిదప ఇంగ్లండులో బి.ఎస్.ఎఫ్. అను సన్నమరలు వచ్చెను. వాని తలలు ఒక మెట్టు చిన్నవి చేయుట వాడుకైనందున ఒకే నోటిపై 3/8 డబ్ల్యు అనియు, 7/16 బి.ఎస్. అనియు ఇంగ్లీషు అక్షరములలో రెండు గుర్తులు పడెను. అట్టి జంట గుర్తు కనబడిన అది ఇంగ్లీషు పానాయే.

నిజాము రాష్ట్రపు రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. స్కాట్లండున చేయబడిన ఆల్బియన్ బస్సులు అందు కలవు. వానికి ఇంగ్లీషు పానాలే కావలెను. 1948లో అమెరికా, బ్రిటను, కెనడాలు ఏకరీతి మరకు ఒప్పుకొన్న పిదప, పానాలపై నోటి వెడల్పును తెలుపు ఏ.ఎఫ్. అను గుర్తు బ్రిటనులోను వ్యాపించెను. 1957 మొదలు 2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడరు కారు ఇంగ్లీషు మోరిస్ ఆక్స్‌ఫర్డు సంతతియైనను, దానికి ఈ ఏ.ఎఫ్. పానాలే పట్టును.

వంకర వ్రాతలో ఫోర్డు పేరున్న పానా దొరికినచో అమ్మువాడు అపురూపమని ధర పెంచును. ఫోర్డు టి నమూనా బండ్లు 1908 మొదలు 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైనవి. బండితోపాటు పనిముట్లును వచ్చెడివి. కనుక ప్రాచీనమే కాని అరుదని నమ్మబనిలేదు. పనిముట్టుపై బాణపు మొనవంటి గుర్తును, ప్రక్కన 1943 వంటి సంవత్సరమును ఉన్నచో అది బ్రిటిషు సైన్యపు సొత్తు.

అంకె లేని పనిముట్లే కష్టము. మూడంచులు కలిగి, మొన సన్నమై, కత్తివలె నున్న దానిని చాలమంది చర్మకారుని ఆయుధమనుకొందురు. అది బేరింగు గీకుడు కత్తి. పూర్వము ఇంజనులలో తెల్ల లోహమును కరగి పోసి బేరింగులు చేసెడివారు. ఇరుసునకు నీలిరంగు పూసి త్రిప్పగా, రంగంటిన ఎత్తులను ఈ కత్తితో గీకి, మరల పూసి, మరల గీకి, అంతట సమముగా అంటువరకు మేస్త్రీ విసుగు చెందరాదు. పలుచని ఉక్కు రేకుల విసనకర్రవంటిది సందుల కొలత. రెండు మూలలు తిరిగిన లావు కడ్డీ ఇంజను త్రిప్పు హేండిలు. 1912 కాడిలాక్ కారుకు విద్యుత్తుతో కదిలించు యంత్రమమరినను, చాలకాలము వరకు హేండిలును బండ్లతో ఇచ్చుచునే యుండిరి. ఇంజను ఎదురు తన్నినచో మణికట్టు విరుగును. కావున బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి పట్టెడివారు.

త్రుప్పు పోగొట్టుటకు ఆకురాయి పెట్టకుడు, గుర్తులు పోవును. రాత్రియంతయు కిరసనాయిలులో నానవేసి, కుంచెతో తోమి, ఆరిన పిదప సుద్దపొడి రుద్దుడు. ఏటవాలు వెలుగులో అక్షరములు తెల్లగా లేచును.