యూఎస్‌బీ రాకముందు ల్యాప్‌టాప్ వెనక ఏముండేది?

ఇదిగో, ఈ ల్యాప్‌టాప్ చూడండి. 1990ల నాటిది, ఇటుకంత లావు. నేను చూపించాలనుకున్నది స్క్రీన్ కాదు, వెనక వైపు. ఈ మూత తీస్తే 25 కన్నాల ప్యారలల్ పోర్ట్, అది ప్రింటర్‌కి. పక్కన 9 పిన్నుల సీరియల్ పోర్ట్, మోడెమ్‌కో పాతకాలం మౌస్‌కో. ఈ గుండ్రటిది పీఎస్/2, కీబోర్డుకో మౌస్‌కో. చాలా ల్యాప్‌టాప్‌లకి ఇది ఒక్కటే ఉండేది. రెండూ పెట్టాలంటే వై ఆకారం కేబుల్ కొనుక్కోవాల్సిందే.

ఒక్కోదానికి ఒక్కో కన్నం ఎందుకంటే, అందరూ కూర్చుని ప్లాన్ చేసింది కాదు కాబట్టి. ప్రింటర్ సంగతే తీసుకోండి. 1970లో అమెరికాలో సెంట్రానిక్స్ కంపెనీ మోడల్ 101 అనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తెచ్చింది. అది వాంగ్ ల్యాబొరేటరీస్ నుంచి విడిపోయిన కంపెనీ. వాంగ్ దగ్గర క్యాలిక్యులేటర్ల కోసం తెప్పించిన 36 పిన్నుల కనెక్టర్లు ఓ 20,000 దాకా మిగిలిపోయాయట. ఉన్నవే వాడేశారు! గోడౌన్‌లో మిగిలిన సరుకు ప్రపంచమంతటికీ ప్రింటర్ ప్లగ్ అయి కూర్చుంది. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు కంప్యూటర్ వైపు 25 పిన్నులది పెట్టారు. అందుకే ఈ కేబుల్ ఒక చివర ఒకలా, ఇంకో చివర ఇంకోలా ఉంటుంది.

తగిలిస్తే అయిపోయేదీ కాదు. ప్రతి పోర్టుకీ ఐఆర్‌క్యూ అని ఒక నంబర్. ప్రింటర్‌కి 7, పీఎస్/2 మౌస్‌కి 12. కొన్ని సౌండ్ కార్డులు కూడా 7 నే అడిగేవి. ఇక చూస్కోండి గొడవ.

పీఎస్/2 పేరు 1987 నాటి ఐబీఎం కంప్యూటర్ల నుంచి వచ్చింది. మెషిన్ ఆన్‌లో ఉండగా దాన్ని పీకకూడదు, పెట్టకూడదు. నాకు తెలీక ఓసారి ఆన్‌లోనే మౌస్ పీకేశాను. ఆ పోర్ట్ మళ్ళీ పని చెయ్యలేదు. అది మా బాబాయి మెషిన్, అప్పు చేసి కొన్నది. ఆయన ఒక్క మాటా అనలేదు, అదే ఇంకా బాధ.

ఈ తలనొప్పి ఇంటెల్‌లో పనిచేసే అజయ్ భట్‌కీ ఉండేది. మన వడోదరలో చదువుకున్నాయన. ఇంట్లో ప్రింటర్ పెట్టుకోవడానికి ఇంత కష్టమేంటి అన్నదే ఆయన ప్రశ్న. ఇంటెల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్, కంపాక్, డెక్, నెక్, నార్టెల్, మొత్తం ఏడు కంపెనీలు కలిస్తే 1996లో యూఎస్‌బీ 1.0 వచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, రాయల్టీ లేదు. 1998లో యాపిల్ ఐమ్యాక్ పాత పోర్టులు తీసేసి యూఎస్‌బీ పెట్టాక మిగతావాళ్ళూ కదిలారు. అన్నట్టు, ఆ ప్లగ్ రెండోసారి తిప్పి పెట్టాల్సి వస్తుందే, దానికీ కారణముంది. ఎటైనా పట్టేలా చేస్తే వైర్లూ సర్క్యూట్లూ రెట్టింపు, ఖర్చు పెరుగుతుందని వదిలేశారట. నాకైతే అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. చౌకగా లేకపోతే అన్ని మెషిన్లలోకీ అంత తొందరగా వచ్చేదే కాదు.

సరే, ఇప్పుడు ప్రింట్ కొడదాం. ముందు ల్యాప్‌టాప్ ఆఫ్, ప్రింటర్ ఆఫ్. కేబుల్ పెట్టి స్క్రూలు బిగించా. ముందు ప్రింటర్ ఆన్, తర్వాత ల్యాప్‌టాప్. హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్ళు కాస్త వాల్యూమ్ తగ్గించుకోండి, ఇది డాట్ మ్యాట్రిక్స్.