గోండి అక్షరాల అర్రే

జావాలో ఆబ్జెక్టుల అర్రే నేర్చుకునేవాళ్ళకి మొదట తగిలే దెబ్బ నల్ పాయింటర్ ఎక్సెప్షన్. సైజు 80 అంటే 80 ఆబ్జెక్టులు ఉన్నట్టు కాదు, 80 గళ్ళు ఉన్నట్టు, అంతే. దీనికి మన ఆదిలాబాద్ చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది.

1943లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో (ఇప్పుడు ఆసిఫాబాద్ జిల్లా) గోండు బడుల పని మొదలుపెట్టినప్పుడు గోండి వాచకాలు దేవనాగరిలో వచ్చాయి. నార్నూర్ మండలం గుంజాలలో మాత్రం గోండులకి సొంత లిపిలో రాతప్రతులు ఉన్నాయి. 2006 ప్రాంతంలో గానీ బయటి పండితుల కంట పడలేదు. 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో చోటు దొరికింది: 73056 నుంచి 73135 దాకా 80 గళ్ళు. నిండినవి 63, మిగతా 17 ఖాళీ.

స్వింగ్‌లో ఓ విండో తెరిచి, లూప్ తిప్పుతూ అక్షరానికో బటన్ పెడితే కీబోర్డు తయారు. కానీ 6, 9 గళ్ళు ఖాళీ, నల్ చెక్ తప్పదు. పైగా జావా చార్ 65535 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి ఒక్కో అక్షరానికి రెండు చార్‌లు కావాలి. తెలుగుకి ఈ బాధ లేదు.

అసలు విషయం వరుసలో ఉంది. ఇక్కడ హల్లులు 'క'తో కాదు, 'య'తో మొదలవుతాయి. యూనికోడ్ ఆ వరుసని అలాగే ఉంచింది. సార్టింగ్ సులువని మనం 'క, ఖ, గ' వరుసలోకి మార్చామనుకోండి, ప్రోగ్రాం నడుస్తుంది. కానీ అది వాళ్ళ అక్షరమాల కాదు, మనది అవుతుంది.