బిజినెస్ ప్లాన్ రివ్యూ

అమెరికా కార్ల సంస్థ ఫోర్డ్‌లో అలన్ ములాలీ ప్రవేశపెట్టిన వారపు సమీక్షా సమావేశం. బోయింగ్ నుంచి 2006 సెప్టెంబరులో ఫోర్డ్ సీఈఓగా వచ్చిన ఆయన, ప్రతి గురువారం ఉన్నతాధికారులందరినీ సమావేశపరిచేవారు. ఎవరి విభాగం స్థితిని వారే రంగుల్లో చూపాలి: సవ్యంగా సాగితే ఆకుపచ్చ, సందేహముంటే పసుపు, చిక్కుల్లో పడితే ఎరుపు. మొదట్లో పట్టికలన్నీ పచ్చగానే ఉండేవి. ఆ ఏడాది సంస్థ నష్టమేమో 1,200 కోట్ల డాలర్లు దాటింది! లోపం ఒప్పుకుంటే కొలువుకే ఎసరన్న భయం అక్కడ పాతుకుపోయి ఉండేది.

ఉత్తర, దక్షిణ అమెరికాల విభాగాధిపతి మార్క్ ఫీల్డ్స్ తొలిసారి ఎరుపు చూపారు. కెనడాలోని ఓక్‌విల్ కర్మాగారంలో తయారవుతున్న ఎడ్జ్ వాహనం వెనుక తలుపు యంత్రాంగంలో సమస్య తలెత్తి, విడుదల ఆపాల్సి వచ్చింది. గదిలో అందరూ బిగుసుకుపోయారు. ములాలీ చప్పట్లు కొట్టి, ఎవరు సాయపడగలరని అడిగారు. తోటి అధికారులు ముందుకొచ్చారు. తర్వాతి వారాల్లో మిగతా పట్టికల్లోనూ ఎరుపు, పసుపు కనిపించసాగాయి.

ఫోర్డ్ కోలుకోవడానికి ఈ సమావేశాలే కారణమనడం అతిశయోక్తి. 2006 చివర్లో ఆస్తులు తాకట్టుపెట్టి తెచ్చిన 2,300 కోట్ల డాలర్లకు పైబడిన రుణం పాత్ర తక్కువది కాదు. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా రక్షణ కోరాయి. ఫోర్డ్‌కు ఆ అవసరం రాలేదు. 2014లో ములాలీ తర్వాత సీఈఓ అయింది ఫీల్డ్సే.