పుండు కింద ఎముక

1569లో ఫ్రాన్సు రాజు తొమ్మిదో చార్లెస్ తన శస్త్రవైద్యుడు అంబ్రూజ్ పారేని ఫ్లాండర్స్‌కి పంపాడు. అక్కడ ఒక ప్రభువు తొడలో తుపాకి గుండు దిగి, ఏడు నెలలుగా మంచం మీదే ఉన్నాడు. తొడ నిండా చీము, అందులో విరిగిన ఎముక ముక్కలు. పిరుదు మీద అరచేతి వెడల్పున పడక పుండు. పారే తొడ కోసి చీము వదిలించాడు, ముక్కలు లాగేశాడు. పుండు సంగతికి వచ్చేసరికి మెత్తని పక్క వేయించి, అది ఒత్తుకోకుండా కింద చిన్న దిండు పెట్టించాడు. రోగి కోలుకున్నాడు.

తొడ ఎముక చెడిందని తెలుసుకోవడానికి పారేకి ఏ పరీక్షా అవసరం పడలేదు, ముక్కలు చేతికే వచ్చాయి. పిరుదు పుండు కింద ఎముకకి చీము పట్టిందా అన్న ప్రశ్న మాత్రం ఆయనకే కాదు, తర్వాత దాదాపు నాలుగు వందల ఏళ్లపాటు ఎవరికీ పెద్దగా తట్టలేదు. తెలివి తక్కువై కాదు. పుండు ఎముక దాకా దిగిన మనిషి ఆ ప్రశ్న పుట్టేంత కాలం బతికేవాడు కాదు.

ఎముకకీ మూలుగకీ పట్టే చీము వ్యాధికి ఆస్టియోమైలైటిస్ అన్న పేరు 1844లో ఫ్రెంచి సర్జన్ ఆగస్ట్ నెలటోన్‌తో వాడుకలోకి వచ్చిందంటారు. అప్పట్లో ఆ పేరు చెబితే గుర్తొచ్చేది జ్వరంతో కాలు వాచి విలవిల్లాడే పిల్లవాడు, లేదా యుద్ధంలో ఎముక విరిగిన సిపాయి. పడక పుండ్ల మీద ఆ శతాబ్దంలో సాగిన తగువు వేరు. నరాలు చచ్చుబడటమే పుండుకి మూలమని, దాన్ని ఆపలేమని పారిస్‌లో నాడీవైద్యుడు షార్కో వాదించాడు. అంతకు ముందే, 1850లలో, శరీరశాస్త్రవేత్త బ్రౌన్-సెకార్డ్ వెన్నుపాము తెగిన జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఒత్తిడీ తడీ లేకుండా చూస్తే పుండు రాదని తేల్చాడు. 1873లో లండన్‌లో సర్జన్ జేమ్స్ పేజెట్ కూడా ఒత్తిడి వల్ల కండ చచ్చిపోవడమే పడక పుండని చెప్పాడు. గెలిచింది మాత్రం షార్కో మాట. పెద్ద పేరున్నవాడు ‘తప్పదు’ అనేశాక, పుండు లోపల ఏముందో చూసే ఓపిక ఎవరికి ఉంటుంది?

మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాముకి దెబ్బ తగిలిన సైనికుల్లో ఎక్కువ మంది వారాల్లో, నెలల్లో పోయారు. మూత్రంలో ఇన్ఫెక్షను, పడక పుండ్లు, వాటి నుంచి రక్తానికి ఎక్కిన విషం. రెండో యుద్ధం నాటికి కథ మారింది. 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో లుడ్విగ్ గట్‌మన్ ప్రత్యేక వార్డు తెరిచాడు. నాజీల నుంచి తప్పించుకుని వచ్చిన నాడీవైద్యుడాయన. రాత్రనక పగలనక రెండు గంటలకోసారి రోగిని పక్కకి తిప్పాలన్నది ఆ వార్డు శాసనం. తిప్పారో లేదో చూడటానికి ఆయన అర్ధరాత్రి కూడా వచ్చేవాడు. దానికి పెన్సిలిన్ తోడైంది. కాళ్లు చచ్చుబడిన మనుషులు ఏళ్లకేళ్లు బతకసాగారు, చక్రాల కుర్చీల్లో కూర్చున్నారు, ఆటలాడారు. కొందరికి కూర్చునే ఎముక మీద పుండు పడి నెలల తరబడి మానకుండా ఉండిపోయింది. సర్జన్లు చచ్చిన కండ తీసి, పక్క నుంచి కండరం తిప్పి కప్పేవారు. కొన్ని మళ్లీ పగిలేవి. కింద ఎముకలో చీము మిగిలిందేమో అన్న అనుమానం అక్కడ పుట్టింది. అంటే ఈ ప్రశ్న వైద్యం ఓడినప్పుడు వచ్చింది కాదు, గెలిచాక వచ్చింది.

దానికి జవాబు చెప్పే సాధనాలు అప్పటికే ఆసుపత్రిలో ఉన్నాయనుకున్నారు. ఎక్స్‌రే 1895 నుంచీ ఉంది. రక్తకణాలు ఎంత వేగంగా అడుగుకి దిగుతాయో కొలిచే ఈఎస్ఆర్ 1920లలో స్థిరపడింది. వాటికి తోడు 1970లలో రేడియోధార్మిక టెక్నీషియంతో ఎముకల స్కాను, ఆ వెంటనే సీటీ వచ్చాయి. పిల్లవాడి కాలిలో చీముని ఇవి బాగానే పట్టాయి. పడక పుండు దగ్గర ఒక్కొక్కటీ తడబడింది.

కారణం చూస్తే న్యాయంగానే ఉంటుంది. ఎముక చీముకి మొదటి సాక్షి నొప్పి, నడుము కింద స్పర్శ లేని మనిషికి ఆ సాక్షే లేదు. ఈఎస్ఆర్ పెరగాలంటే ఎముకే చెడనక్కర్లేదు, మూత్రంలో చీమున్నా, పుండున్నా పెరుగుతుంది. ఎముకలోని ఖనిజం మూడో వంతో సగమో కరిగేదాకా ఎక్స్‌రేకి మచ్చ కనపడదు. పైగా ఏళ్లుగా ఒత్తిడి తిన్న ఎముక, చీము లేకపోయినా, గరుకెక్కి కొత్త ఎముకని పేర్చుకుంటుంది. పక్షవాతం వచ్చిన తుంటి చుట్టూ కండలో ఎముక పెరగడం కూడా మామూలే. స్కానులో ఇవన్నీ ఒకేలా వెలుగుతాయి. స్కాను ఖాళీగా వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు, వెలిగితే మాత్రం తేలేదేమీ లేదు.

ఈ అయోమయాన్ని 1980లలో అమెరికా వైద్యులు గట్టిగా పట్టుకున్నారు. వాళ్లు చేసిన పనుల్లో నాకు ముఖ్యమనిపించేది 1988లో షికాగో ప్లాస్టిక్ సర్జన్ విక్టర్ లూయిస్ బృందం ప్రచురించిన పరిశీలన. 61 పుండ్లకి రకరకాల పరీక్షలు చేసి, ఆపరేషనులో తీసిన ఎముకతో సరిపోల్చారు. ఖరీదైన సీటీ, స్కాను వెనకబడ్డాయి. తెల్ల రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్, కటి ఎక్స్‌రే - ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా అనుమానించాలన్న పాతకాలపు పద్ధతి, జబ్బున్న ప్రతి 100 మందిలో 89 మందిని పట్టింది, లేని 100 మందిలో 88 మందిని సరిగా వదిలేసింది. విడిగా చూస్తే మెరుగైంది జంషీది సూదితో ఎముక ముక్క తీయడం. మూలుగ పరీక్ష కోసం తయారైన సూది అది. లేని జబ్బుని ఉందనడం అరుదు (100కి 96 సార్లు సరైన మాట), కానీ ఉన్నదాన్ని 73 సార్లే చూసింది. తాలూకా ఆసుపత్రిలో దొరికే పరీక్షలు ఈ పందెంలో నెగ్గడం నాకు ముచ్చటేసింది. అయితే ఒకే చోట, కొద్దిమంది మీద తేలిన అంకెలివి, శిలాశాసనం కాదు.

ఆరేళ్ల తర్వాత, 1994లో, హ్యూస్టన్‌లో వైద్యుడు రబీ దారూష్ బృందం ఇంకా ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టింది. ఎముక దాకా దిగిన పుండ్లున్న 36 మంది ఎముక ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే, నిజంగా ఎముక చీము ఉన్నది ఆరుగురికే. పుండులో ఎముక తెల్లగా కళ్లకి కనపడుతున్నా, పుండు ఎన్నాళ్లదైనా, అనుభవమున్న వైద్యుడు చూసి చెప్పినా అంచనా నిలవలేదు. ఎముక ముక్క నుంచి సూక్ష్మజీవులు పెరిగినంత మాత్రాన కూడా జబ్బు రుజువు కాలేదు. బయటపడ్డ ఎముక మీద క్రిములు వాలకుండా ఉంటాయా మరి!

పుండు పైపైన దూదిపుల్లతో తుడిచి కల్చర్‌కి (సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షకి) పంపే అలవాటు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1978లోనే మాకోవియాక్ తదితర వైద్యులు దీర్ఘకాల ఎముక చీము రోగుల్లో చీము కారే రంధ్రం నుంచి తీసిన నమూనాని, ఆపరేషనులో ఎముక నుంచి తీసినదానితో పోల్చారు. అసలు నేరస్థుడు పైనమూనాలో కనపడింది 44 శాతం మందిలోనే. ఇది అచ్చయి యాభై ఏళ్లు కావస్తున్నా దూదిపుల్లలకి గిరాకీ తగ్గలేదు. 1995లో డయాబెటిస్ పాదం పుండులో సన్నని ఉక్కు పుల్ల ఎముకకి తగిలితే చీమున్నట్టేనన్న పరీక్ష వచ్చింది. చాలామంది దాన్నే పడక పుండుకీ వాడేశారు. పాదానికి సరిపోయినది పిరుదుకి సరిపోతుందని ఎవరూ నిరూపించలేదు.

1990లలో ఎమ్మారై వచ్చాక తీర్పు దొరికిందనుకున్నారు. 1998లో పక్షవాత రోగుల కటి మీద జరిగిన ఒక అధ్యయనం 98 శాతం జబ్బుని పట్టిందంది. 2016లో ఫ్రాన్సులో ఎముక ముక్కలతో ముందునుంచీ పోలుస్తూ చేసిన మరో అధ్యయనంలో, జబ్బు లేనివాళ్లని వేరు చేయడంలో అదే ఎమ్మారై బాగా వెనకబడింది. మూలుగలో నీరు చేరితే ఎమ్మారైకి కనిపిస్తుంది. ఆ నీరు ఒత్తిడి వల్లా, చీము వల్లా అన్నది అది చెప్పలేదు. చీము ఎంత దూరం పాకింది, సర్జన్ ఎక్కడిదాకా కోయాలి అన్నదానికైతే దానికి సాటి లేదు.

మిగిలింది ఎముక ముక్కే. వీలైతే సూదిని పుండులోంచి కాక మంచి చర్మంలోంచి పోనివ్వాలి. రోగి నిలకడగా ఉంటే యాంటీబయాటిక్ రెండు వారాలు ఆపి తీయడం మేలు. ఒక ముక్క ఫార్మలిన్‌లో పాథాలజిస్టుకి, ఇంకోటి ఫార్మలిన్ తగలకుండా కల్చర్‌కి వెళ్లాలి. ఇక్కడొక చిన్న పొరపాటు జరిగితే మొత్తం శ్రమ వృథా. మన దేశంలో కల్చర్‌తోపాటు క్షయ పరీక్ష కూడా అడగాలి. ఇంత చేసినా పూర్తి భరోసా లేదు. చీము అక్కడక్కడా ఉంటుంది, సూది పక్కన దిగవచ్చు. డయాబెటిస్ పాదం ఎముక ముక్కల్ని నలుగురు పాథాలజిస్టులకి చూపిస్తే చాలావాటి మీద ఒకే మాట రాలేదు.

2019లో లాస్ ఏంజెలెస్ వైద్యులు వాంగ్, హోల్టమ్, స్పెల్‌బర్గ్ త్రికాస్థి మీది పుండ్ల గురించి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. చచ్చిన కండ తీసి పుండు మూసే ఆలోచన లేనప్పుడు వారాల తరబడి యాంటీబయాటిక్ ఇవ్వడం వల్ల మేలు జరిగినట్టు ఆధారం దొరకలేదన్నారు. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. పుండు మూసే ఆపరేషను ముందుంటేనే ఎముక ముక్క తీయడానికి అర్థం ఉంది. లేనప్పుడు ఆ ఖర్చు ఎయిర్ బెడ్డుకీ, తిండికీ, రెండు గంటలకోసారి పక్కకి తిప్పే మనిషికీ పెట్టడం మంచిది. జ్వరమొచ్చి రోగి కుంగిపోతుంటే లెక్క వేరు, అప్పుడు మందు ఆగకూడదు.

ఇంట్లో మంచాన పడ్డవాళ్లని చూసుకుంటున్నవారికి ఒక మాట. ఆరు వారాల ఇంజెక్షన్లు రాసినప్పుడు, ఎముకకి చీము పట్టిందని ఏ ఆధారంతో అంటున్నారో డాక్టరుని అడగండి. దూదిపుల్ల రిపోర్టు ఒక్కటే చూపిస్తే ఇంకో అభిప్రాయం తీసుకోండి.