రాకాసి గుళ్ళు ఎవరివి?

ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి దగ్గర అడవిలో రాతి సమాధులున్నాయి. నాలుగు పక్కలా బండలు నిలబెట్టి, పైన ఇంకో పెద్ద బండ కప్పారు. జనం వీటిని రాకాసి గుళ్ళంటారు. నిజానికివి ఇనుపయుగపు మనుషుల సమాధులు. దక్కనులో ఈ ఆచారానికి సుమారు 3,000 ఏండ్ల వయసుంది.

ఇంత బండ మనిషెట్లా లేపుతాడు, రాక్షసుడే లేపి ఉంటాడని కథ పుట్టింది. ఇంకోచోట ఇట్లాంటివే పాండవ గుళ్ళు. అయితే రాక్షసులు, కాకుంటే పురాణాల రాజులు! చెమటోడ్చిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

హైదరాబాదు పక్కన మౌలాలిలో 20వ శతాబ్దం మొదట్లో ఆ యుగపు సమాధులు తవ్వితే ఎరుపు నలుపు కుండలు, ఇనుప పనిముట్లు దొరికాయి. కుండ కాల్చినోళ్ళు, ఇనుము కరిగించినోళ్ళు, బండ చీల్చినోళ్ళు ఉన్నారన్నమాట. వాళ్ళే మన తాతలని చాటుకోవాలని మనవాళ్ళకూ ఉంటుంది. కానీ ఎముకల్లో జాతిని వెతకడం వలసపాలన పండితుల అలవాటు, అది మనకొద్దు. మనం అడగాల్సింది వేరే ఉంది: బండ కింద పడుకున్నోడూ, బండ మోసినోడూ ఒక్కడేనా? ఇంత సమాధి ఊళ్ళో అందరికీ దక్కిందా?

మైదానాల్లో ఇట్లాంటి సమాధులెన్నో దున్నకాల్లో, కంకర క్వారీల్లో పోయాయి. అడవిలోకి క్రషర్ రాలేదు గనక ఇవి మిగిలాయి. 2025లో నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. రేపు దామరవాయికీ ఆ గుర్తింపు రావచ్చు. అప్పుడు కంచె ఎక్కడ వేయాలో, బోర్డుమీద ఏం రాయాలో ఆ అడవిలో బతికే కోయలను ముందుగా అడగాలి.