లైబ్రరీ కంప్యూటర్‌లో ఫిల్టర్: అమెరికా చట్టం ఏం చెబుతోంది?

అమెరికా పబ్లిక్ లైబ్రరీల్లో పుస్తకాలతో పాటు ఇంటర్నెట్ కూడా ఉచితమే. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు, వాళ్లను చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు ఆ కంప్యూటర్లు వాడుతుంటారు. ఒక్కోసారి మామూలు వెబ్‌సైట్ కూడా తెరుచుకోదు, బ్లాక్ అయిందని వస్తుంది. అది ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ పని. దాని వెనక ఒక చట్టం ఉంది.

చట్టం పేరు చిల్డ్రన్స్ ఇంటర్నెట్ ప్రొటెక్షన్ యాక్ట్, పొట్టిగా సిపా. 2000 డిసెంబర్‌లో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశారు. ఫిల్టర్ పెట్టి తీరాలని ఇది ఏ లైబ్రరీనీ నేరుగా ఆదేశించదు. ఇంటర్నెట్ ఖర్చుకు 'ఈ-రేట్' పథకం కింద వచ్చే రాయితీ కావాలంటే మాత్రం పెట్టాలి. ఆ రాయితీ 20 నుంచి 90 శాతం దాకా ఉంటుంది, పేద ప్రాంతాలకు ఎక్కువ. డబ్బున్న ఊరి లైబ్రరీ 'మాకొద్దు' అనగలదు, పేద ఊరిది అనలేదు. కామర్స్ చదివిన నాకు ఈ చట్టంలో అసలు కథ ఇక్కడే కనిపించింది.

చట్టం ఆపమన్నది బొమ్మల్నే: అశ్లీల చిత్రాలు, పిల్లల్ని లైంగికంగా వాడుకునే చిత్రాలు, 17 ఏళ్లు నిండనివాళ్లు కూర్చున్నప్పుడు వాళ్లకు హాని చేసేవి. రాతల జోలికి వెళ్లమనలేదు. కానీ సాఫ్ట్‌వేర్‌కి ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది? కంపెనీ తయారుచేసిన జాబితాల్నీ మాటల్నీ పట్టుకుని పోతుంది. ఇంగ్లండ్‌లో స్కన్‌థార్ప్ అనే ఊరుంది. ఆ పేరు ఇంగ్లిష్ అక్షరాల మధ్యలో ఒక బూతు మాట దాగి ఉండటంతో 1996లో ఆ ఊరివాళ్లు ఏఓఎల్‌లో ఖాతా తెరవలేకపోయారు!

ఆరోగ్య సమాచారం దగ్గర ఇది నవ్వులాట కాదు. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ 2002లో ఈ ఫిల్టర్లను పరీక్షించింది. తక్కువ కట్టడిలో పెడితే ఆరోగ్య సైట్లలో 1.4 శాతం ఆగిపోయాయి, గరిష్ఠ కట్టడిలో 24 శాతం. అశ్లీల సైట్ల సంగతి చూస్తే తక్కువ కట్టడిలోనే 87 శాతం ఆగాయి, గరిష్ఠంలో 91. అంటే అదనంగా దొరికిన రక్షణ నాలుగు శాతం, పోయిన ఆరోగ్య సమాచారం దాదాపు పాతిక శాతం. పిల్లల కోసం ఫిల్టర్ ఉండాలనే తల్లిదండ్రులు కూడా ఈ లెక్క చూడాలి.

చట్టంపై అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కోర్టుకెళ్లింది. 2002లో ఫిలడెల్ఫియాలో ముగ్గురు జడ్జీల కోర్టు లైబ్రరీలకు సంబంధించిన భాగాన్ని కొట్టేసింది. 2003 జూన్ 23న సుప్రీంకోర్టు 6-3తో దాన్ని నిలబెట్టింది. ఏ పుస్తకం కొనాలో లైబ్రరీ ఎంచుకున్నట్టే ఇది కూడా అన్నది చీఫ్ జస్టిస్ రెంక్విస్ట్ వాదన. నాకైతే ఆ పోలిక అతకలేదు. పుస్తకాన్ని లైబ్రేరియన్ చూసి ఎంచుకుంటారు, ఇక్కడ జాబితా రాసేది ఎక్కడో ఉన్న కంపెనీ.

మిస్సోరీ రాష్ట్రంలోని సేలం లైబ్రరీలో జరిగింది చూడండి. విక్కా మతం, అమెరికా మూలవాసుల ఆధ్యాత్మిక విశ్వాసాల సైట్లను ఫిల్టర్ 'క్షుద్రవిద్య' ఖాతాలో వేసి ఆపేసింది. ఆ విశ్వాసాలను విమర్శించే సైట్లు మాత్రం తెరుచుకున్నాయి. స్థానిక మహిళ ఒకరు 2012లో కేసు వేశారు. 2013లో రాజీ కుదిరి, ఆ బ్లాకింగ్ ఆగింది. ఏ మైనారిటీ మతస్తులకైనా ఇది పట్టించుకోవాల్సిన కేసే.

మరి సైట్ తెరుచుకోకపోతే? పెద్దవాళ్లు అడిగితే ఫిల్టర్ తీసే అధికారం లైబ్రరీకి చట్టమే ఇచ్చింది. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదని ప్రభుత్వ న్యాయవాది సుప్రీంకోర్టులోనే ఒప్పుకున్నారు. అడిగినా తీయకపోతే, లేదా బాగా ఆలస్యం చేస్తే అలాంటి లైబ్రరీపై విడిగా కేసు వేసే దారి ఉంటుందని జస్టిస్ కెన్నెడీ తన అభిప్రాయంలో రాశారు. కాబట్టి కౌంటర్ దగ్గరికెళ్లి 'ఈ సైట్ తెరవండి' అనడానికి మొహమాటపడక్కర్లేదు.