భారత యువ ఫుట్‌బాలు జట్టు – మన నగరపు పాలు

రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమున నొక వ్యాసము వ్రాసి యిమ్మని గ్రంథాలయ కార్యవర్గమువారు నన్నడిగినప్పుడు, ఝాంసింగు బాలాజీ దేవాలయమును గూర్చి వ్రాయుదునని వారు తలచియుందురు. గుడిమల్కాపూరున పుట్టి పెరిగినవానికి అది సహజమైన విషయమే. కాని ఆ దేవళమును గూర్చియు, దాని ప్రక్కనే వెలసిన మసీదును గూర్చియు నాకంటె బాగుగ నెరిగినవారు మనలో పలువురు కలరు. నేను గ్రామపు లెక్కలు వ్రాయుచు జీవించువాడను. భారత భాగవతములు రాత్రివేళ స్వయముగ చదువుకొన్నవాడనే కాని గురుముఖమున నేర్చినవాడను కాను. అట్టివాడు ఫుట్‌బాలు చరిత్రకు పూనుకొనుటకు కారణము చెప్పవలసియున్నది.

ఒకనాటి సాయంకాలము మన పఠనమందిరమున పదునాలుగేండ్ల బాలుడొకడు వార్తాపత్రికలోని క్రీడల పుటను ముందిడుకొని, "పంతులుగారూ, మన పిల్లల ఫుట్‌బాల్ జట్టు ఆసియాలో ఎప్పుడన్న గెల్చిందా?" అని యడిగెను. నాకు తెలియదు. నా ప్రక్కనున్న పెద్దలును తలలూపి, లేదనిరి. అంతట మూలనుండి, పూర్వము పోలీసుశాఖలో కొలువు చేసిన వృద్ధుడొకరు పత్రికనుండి తలయెత్తకయే, "గెల్చింది. డెబ్బయినాలుగుల. కెప్టెన్ మన హైదరాబాద్ పిల్లగాడే" అని మరల చదువుకొనసాగిరి. కాకతీయ గణపతిదేవుడు ఏ యేట సింహాసనమెక్కెనో తడుముకొనక చెప్పగల నాకు, మా తరమువారు బాల్యమున నుండగా, మన యూరి బాలుడు సాధించిన దానిని గూర్చి ఒక్క ముక్కయు తెలియదాయెను. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

ఆసియా యువ ఫుట్‌బాలు పోటీలు 1959లో కౌలాలంపూరున ప్రారంభమైనవి. మలయా ప్రధానియై, ఆసియా ఫుట్‌బాలు సమాఖ్యకు అధ్యక్షుడుగ నుండిన టుంకు అబ్దుల్ రహమాను వానికి ప్రోత్సాహకుడు. మొదటి పోటీలో దక్షిణ కొరియా గెలిచెను. అటుపిమ్మట పదేండ్లపాటు బర్మా బాలురదే పైచేయి. నేడు ఆ దేశము ఫుట్‌బాలున ఎవ్వరి నోటను వినరాదు గాని, ఆనాడు వారిని ఓడించుట గొప్పగ నెంచెడివారు. తరువాత ఇజ్రాయెలు, అటుపై ఇరాను వచ్చినవి. 1973లో తమ రాజధానియైన టెహ్రానుననే ఇరాను బాలురు గెలిచి, వరుసగ నాలుగేండ్లు ఆ పీఠమును విడువలేదు. ఆ నాలుగేండ్లలో రెండవదగు 1974లో వారి సరసన కూర్చున్నది మన జట్టు.

ఈ కథ చెప్పుటకు ముందు ఇరువది యేండ్లు వెనుకకు పోవలెను. భారతము ఆదిపర్వమున కురుపాండవ బాలురు కందుకక్రీడ సలుపుచుండ బంతి నూతిలో పడుటయు, ద్రోణుడు బాణములచే దానిని పైకి తీయుటయు చదువరులెరిగినదే. ఆ ఘట్టమును చదివినప్పుడెల్ల నాకొక సంగతి తోచును. బాలురకు గురువు దొరికినది రాజసభలో కాదు, ఆటస్థలమున. మన నగరపు బాలురకు అట్లు దొరికిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు.

రహీం సాహెబు 1909లో హైదరాబాదున జన్మించెను. వృత్తిచే బడిపంతులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, కడవరకు ఆ బాధ్యతను విడువలేదు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడాయెను. ఆ జట్టు బొంబాయిలో జరుగుచుండిన రోవర్సు కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగ అయిదుమారులు గెలిచెననిన, ఎట్టి జట్టో ఊహింపవచ్చును. బడిపంతులు గావున ఆయన బాలురకై పెట్టిన పోటీలును పాఠములవలెనే యుండెడివి. ఒక పోటీలో బంతిని కాళ్ల నడుమ త్రిప్పుచు ఒంటరిగ కొనిపోవుట నిషిద్ధము. వచ్చిన బంతిని వెంటనే తోడివానికి అందింపవలెను. మరియొక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నవలెను. ఎడమచేత వ్రాయ నేర్పిన గురువును నేనెరుగను గాని, ఎడమకాలికి అక్షరాభ్యాసము చేయించిన గురువు మన నగరమున నుండెను.

1952లో హెల్సింకీ ఒలింపికు క్రీడలలో మన జట్టు యుగోస్లావియా చేత పది గోలులు తిని, ఒక్కటి మాత్రము చేసి తిరిగివచ్చెను. మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. ఆ పరాభవమునుండి నాలుగేండ్లలో, 1956లో మెల్‌బోర్నున, అదే రహీం సాహెబు శిక్షణలో మనవారు ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4–2 గోలులతో ఓడించి నాల్గవ స్థానమును పొందిరి. ఆ జట్టున మన జంటనగరముల బిడ్డలు ఎందరో కలరు: గోలురక్షకుడు పీటర్ తంగరాజు, అజీజుద్దీను, నూర్ మహమ్మదు, జుల్ఫికరుద్దీను, అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాము మొదలగువారు. ఒక్క నగరమునుండి ఇందరు ఒక్కసారి దేశపు జట్టున నిలిచిన కాలము మరల రాలేదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 గోలులతో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకమును గెలిచినప్పటికే రహీం సాహెబు దేహమును పుట్టకురుపు తినివేయుచుండెను. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసెను. ఆయన కథను 2024లో 'మైదాన్' అను హిందీ చలనచిత్రముగ తీసిరి.

జకార్తా జట్టున వెనుకవరుసలో ఆడిన అరుణ్ ఘోషు అను బెంగాలీ యువకుని పేరును చదువరులు గుర్తుంచుకొనవలెను. ఏలయన, పండ్రెండేండ్ల పిమ్మట, 1974 ఏప్రిలు మాసమున, బాంకాకునకు పోయిన భారత యువ జట్టునకు శిక్షకుడు అతడే. నాయకుడు షబ్బీర్ అలీ. 1956 జనవరి 26న హైదరాబాదున జన్మించినవాడు. అప్పటికి నిండా పదునెనిమిదేండ్లు. జట్టునకు గోలులు తెచ్చు భారము ముఖ్యముగ నతనిదే. రహీం సాహెబు చేతిక్రింద ఆడినవాడు గురువై, రహీం సాహెబు నగరమున పుట్టినవాడు నాయకుడై పోవుట యాదృచ్ఛికమే కావచ్చును. లెక్కలు వ్రాయువాడను గనుక, పాత ఖాతాలోని నిలువ క్రొత్త ఖాతా మొదటి పుటకు వచ్చిచేరినట్లు నాకు తోచుచున్నది.

తుదిపోటీలో ఎదురుపడినది, అంతకుముందటి సంవత్సరము గెలిచియున్న ఇరాను. ఆట 2–2 గోలులతో సమమాయెను. ఇరుజట్లను కలిపి విజేతలుగ ప్రకటించిరి.

ఇచటనే కొందరు పెదవి విరుతురు. మొన్న ఈ సంగతి చెప్పినప్పుడు మన గ్రంథాలయ మిత్రుడొకరు, "అయితే సగం గెలుపే కదండీ" అనిరి. నేనందులకు ఒప్పుకొనను. ఆనాటి యువ పోటీలలో ఉమ్మడి విజయము వింత కాదు. 1961లో బర్మా, ఇండోనేషియాలు ఇట్లే పంచుకొనెను. 1975లో ఇరాను, ఇరాకులును, 1976లో ఇరాను, ఉత్తర కొరియాలును ఇట్లే పంచుకొనినవి. ఇరానువారు తమ గెలుపులు నాలుగని లెక్కించుకొందురే కాని, ఒకటియు, మూడు సగములును అని లెక్కింపరు. ఉమ్మడి పట్టా క్రింద అన్నదమ్ములిద్దరి పేర్లు వ్రాయుట నా వృత్తిలో నిత్యకృత్యము. అందొకని పేరు చిన్న అక్షరములతో వ్రాయము. ఇద్దరును పట్టాదారులే.

ఈ విజయమునకు అసలు లోపము వేరొకచోట నున్నది. అది బాలుర దోషము కాదు. ఆసియాలో గెలిచిన బాలురు ప్రపంచమున తమ సత్తువ చూపుకొనుటకు ఆనాడు వేదిక లేదు. ప్రపంచ యువ ఫుట్‌బాలు పోటీలు తొలుత జరిగినది 1977లో, ట్యునీసియాలో. మనవారి గెలుపు మూడేండ్లు తొందరపడినది. 1977 నాటికి ఆసియా పక్షమున పోయినవి ఇరాను, ఇరాకులు. ఇక పెద్దల జట్టా, అదే 1974లో టెహ్రాను ఆసియా క్రీడలలో తొలి అంచెలోనే, చైనా చేత ఏడు గోలులు తిని యింటిదారి పట్టెను. వసంతమున పిల్లలు తెచ్చిన పేరును శరత్తు రాకముందే పెద్దలు పోగొట్టిరి. పత్రికలవారును, ప్రజలును పెద్దల ఓటమినే తలచుకొని పిల్లల గెలుపును మరచిరి. మా తరమువారికి తెలియకపోవుటకు ఇది యొక కారణమని నేననుకొనుచున్నాను.

షబ్బీర్ అలీ పిమ్మట పెద్దల జట్టునకును ఆడి, కలకత్తాలో ఈస్టు బెంగాలు, మహమ్మడను స్పోర్టింగు జట్లలో పేరు గడించి, శిక్షకుడుగను రాణించెను. 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారము నొందిన తొలి ఫుట్‌బాలు క్రీడాకారుడాతడే. అతనికి ముందు మహమ్మద్ హబీబు, సయ్యద్ నయీముద్దీనులు కూడ కలకత్తా దారినే పట్టిరి. 1970లో బాంకాకు ఆసియా క్రీడల కాంస్యపతకము తెచ్చిన జట్టునకు నయీముద్దీను నాయకుడు. మన నేల పంట మనది, కల్లము వంగదేశమున. పొట్టకూటికై పోయినవారిని తప్పుపట్టరాదు. ఫుట్‌బాలు ఆడినవానికి ఉద్యోగమిచ్చి, వేళకు మైదానమునకు పంపు సంస్థలు ఇచట తగ్గిపోయినవి. అచట నిలిచియుండెను.

తరువాతి చరిత్రను వేగముగ చెప్పెదను. ఏలయన చెప్పదగినది కొంచెమే. 2002లో పదునారేండ్ల లోపు బాలురు ఆసియా పోటీల క్వార్టరు ఫైనలు దాక పోయిరి. 2006లో యువ పోటీలు మన దేశముననే, కలకత్తా, బెంగుళూరులలో జరిగినను మనవారు తొలి అంచె దాటలేదు. 2018లో రెండు మెరుపులు మెరిసినవి. స్పెయినులోని వలెన్సియా ప్రాంతమున జరిగిన కోటిఫు పోటీలో మన ఇరువదేండ్ల లోపు జట్టు, పదిమందితో మిగిలియు, అర్జెంటీనా బాలురను 2–1 గోలులతో ఓడించెను. ఆ అర్జెంటీనా జట్టు శిక్షకుడు లియోనెల్ స్కలోని నాలుగేండ్ల పిమ్మట పెద్దల ప్రపంచకప్పును గెలిపించెను. అదే యేట కౌలాలంపూరున మన పదునారేండ్ల లోపు బాలురు ఇరానును గోలు లేక నిలిపి, క్వార్టరు ఫైనలున దక్షిణ కొరియాకు ఒక్క గోలు తేడాతో లొంగిరి. ఆనాడు గెలిచినచో ప్రపంచ పోటీలకు స్వార్జితముగ అర్హత లభించియుండెడిది.

స్వార్జితమను మాట ఊరక వాడలేదు. అంతకుముందు, 2017 అక్టోబరులో, పదునేడేండ్ల లోపువారి ప్రపంచకప్పు మన దేశమున జరిగినది. ఆతిథేయులము గనుక మనకు చోటు దానముగ వచ్చినది. ఢిల్లీలో అమెరికాకు 3–0, కొలంబియాకు 2–1, ఘానాకు 4–0 గోలులతో ఓడిపోయితిమి. అయినను అక్టోబరు 9న కొలంబియాపై ఆట ముగియవచ్చు వేళ, సంజీవ్ స్టాలిను కార్నరునుండి పంపిన బంతిని జీక్సన్ సింగు తలతో కొట్టి గోలు చేసెను. ప్రపంచకప్పు పోటీలలో భారతదేశము చేసిన మొట్టమొదటి గోలు అది. మరునిమిషముననే కొలంబియా బదులు తీర్చుకొన్నదన్నది వేరు సంగతి.

ఆ జట్టు ఇరువదియొక్క మంది పేర్లను నేను కాగితముపై వ్రాసి, ఎవరేయూరివారో ప్రక్కన వ్రాసితిని. ఎనమండుగురు మణిపూరువారు. చిన్న రాష్ట్రము, కొండలు, లోయలు. తెలంగాణమునుండి ఒక్కడును లేడు, ఆంధ్రమునుండి ఒక్కడును లేడు. పోటీలు జరిగిన ఆరు నగరములలో హైదరాబాదు లేదు. మెల్‌బోర్ను పట్టికను ఈ పట్టిక ప్రక్కన పెట్టి చాలసేపు చూచితిని. మహిళల ఆటలో మాత్రము నిజామాబాదు జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య భారత జట్టునకెక్కుట కొంత ఊరట.

ఇట్లేల జరిగెనని పెద్దలు క్రికెటును తిట్టుదురు. నేను తిట్టను. నాకు తెలిసిన కారణమొకటి నా చేతివ్రాతలోనే యున్నది. చాల యేండ్లక్రిందట నేను లెక్కలు వ్రాసిన యొక గ్రామమున ఊరివెలుపల ఇంచుమించు రెండెకరముల బీడు ఉండెడిది. ఎవరిదో పట్టాభూమియే, సాగు లేదు. సాయంకాలము ముప్పది నలువదిమంది పిల్లలు అచట బంతి తన్నెడివారు. రెండు రాళ్లు పెట్టి గోలు అనెడివారు. భూమి చేతులు మారినది. కాగితములు సక్రమముగనే యుండెను. పహాణీలో పాత పేరు కొట్టివేసి క్రొత్త పేరు వ్రాసితిని. మరుసటి యేడు సాగు గడిలో ఇండ్లస్థలములని వ్రాసితిని. పిల్లలు ఆడుకొనుచున్నారని వ్రాయుటకు పహాణీలో గడి లేదు. గ్రామసభలో నోరు విప్పి ఈ నేలను ఊరికై కొనిన బాగుండునని యొక్కమాట అనియుండవచ్చును. అనలేదు. అది నా కొలువునకు సంబంధించిన మాట కాదని ఊరకుంటిని. ఆ పిల్లలలో షబ్బీర్ అలీ ఉండెనని నేననను. ఉండెనో లేదో చూచుటకు ఎవ్వరికిని వీలు లేకపోయినది.

ఈ వ్యాసపు చిత్తుప్రతిని ముందుగ ఆ బాలునకు చూపితిని. వాడు బాంకాకు, 1974, ఇరాను, 2–2 అని తన నోటుపుస్తకమున ఎక్కించుకొని, "మరి ఆళ్లు ఏడ ప్రాక్టీస్ చేసేటోళ్లు?" అని యడిగెను. పిమ్మట పోలీసుశాఖ వృద్ధునకు చూపితిని. ఆయన కళ్లజోడు సవరించుకొని మొదటినుండి తుదిదాక చదివి, నేను మొదట 'అబ్దుల్ రహీము' అని మాత్రము వ్రాసిన చోట వ్రేలు పెట్టి, "రహీం సాబ్ అనాలె" అనిరి. దిద్దితిని.